డేనియల్ పెర్ల్ హత్య కేసులో దోషులు ఎలా బయటపడ్డారు?

పెర్ల్ వాల్ స్ట్రీట్ జర్నల్ విలేకరి, అమెరికన్. ముంబయి నుంచి పనిచేసేవారు. 2002 జనవరి 23న కరాచీలో ఇంటర్వ్యూ ఉందని నమ్మించి కిడ్నాప్ చేశారు, తర్వాత చంపేశారు. ఆయన వయసు 38, భార్య అప్పటికి గర్భవతి.

వల పన్నినవాడు ఒమర్ షేక్. 1999 డిసెంబరులో కాందహార్‌లో హైజాక్ అయిన మన విమాన ప్రయాణికుల కోసం మనం విడిచిపెట్టిన ముగ్గురు ఉగ్రవాదుల్లో ఒకడు. 2002 జులైలో ఉగ్రవాద వ్యతిరేక కోర్టు (సింధ్‌లోని హైదరాబాద్‌లో, మన హైదరాబాద్ కాదు) అతనికి ఉరి, మరో ముగ్గురికి యావజ్జీవం వేసింది. అప్పీలు మాత్రం దాదాపు 18 ఏళ్లు సాగింది!

అసలు చిక్కు ఏమిటంటే, కిడ్నాప్ చేసింది ఎవరు, చంపింది ఎవరు అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. పోలీసులు రెండింటినీ ఒకే కథగా కట్టి కోర్టు ముందు పెట్టారు. మరోవైపు, 9/11 దాడుల సూత్రధారి ఖాలిద్ షేక్ మొహమ్మద్ తానే పెర్ల్‌ను చంపానని 2007లో అమెరికా సైనిక జైలు గ్వాంటనామోలో చెప్పాడు. అతని మీద ఈ హత్య కేసు మాత్రం పెట్టలేదు.

2020 ఏప్రిల్‌లో సింధ్ హైకోర్టు హత్యానేరం రుజువు కాలేదని కొట్టేసింది. ఒమర్‌కు కిడ్నాప్ నేరానికి ఏడేళ్ల శిక్షే మిగిల్చింది, అవి ఎప్పుడో అయిపోయాయి. మిగతా ముగ్గురూ నిర్దోషులన్నది. పెర్ల్ తల్లిదండ్రులు పాకిస్థాన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2021 జనవరి 28న అక్కడ కూడా 2-1తో ఓడిపోయారు. నా దృష్టిలో ఈ అన్యాయానికి బీజం 2002 నాటి తొందరపాటు దర్యాప్తులోనే పడింది.