ఆ మొక్కల్ని అప్పుడే పీకేయకు

చిట్టితల్లీ,

లావెండర్ మూడూ బూడిద రంగు పుల్లల్లా మిగిలాయి, ఈ వారంలో పీకేస్తానని రాశావు. ఆగమ్మా. చలికాలం పోయాక వాటికి నిద్ర లేవడం ఆలస్యం. చుట్టుపక్కల మొక్కలన్నీ పచ్చబడ్డాక కూడా కొన్ని వారాలు అలాగే ఉంటాయి. అడుగున ఒక కొమ్మని గోటితో మెల్లగా గీకి చూడు. బెరడు కింద పచ్చదనం కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే.

నా మొదటి మొక్కలు పోయినప్పుడు నేనూ చలినే తిట్టుకున్నాను. పీకి చూస్తే వేళ్లు నల్లబడి ఉన్నాయి, పట్టుకుంటే పైపొర జారి చేతికొచ్చింది. చలి చేసిన పని కాదది, చలికాలమంతా మొక్క మొదలు దగ్గర నిలిచిన తడి చేసింది. మన్‌స్టెడ్, హిడ్‌కోట్ లాంటి ఇంగ్లిష్ లావెండర్ రకాలు మైనస్ 25 డిగ్రీలకి కూడా తట్టుకుంటాయి, వేళ్లు పొడిగా ఉంటేనే. పువ్వు మీద కుందేలు చెవుల్లాంటి రేకులుండే స్పానిష్ రకం మాత్రం ఎంత ముద్దొచ్చినా కొనకు, గట్టి మంచుకి అది నిలవదు.

అందుకే ముందు నేల సంగతి చూడు. అడుగు లోతు గుంత తీసి నీళ్లు పొయ్యి. కొన్ని గంటల్లో ఇంకకపోతే అక్కడ నాటొద్దు. అడుగు ఎత్తున దిబ్బ పోసి, మట్టిలో ముతక కంకర బాగా కలిపి దాని మీద నాటు. బంకమట్టిలో కాస్త సన్న ఇసుక కలిపితే చాలనుకోకు, అది సిమెంటులా బిగుసుకుపోతుంది. మొదలు చుట్టూ చెక్కపొట్టు వద్దు, తడి పట్టి ఉంచుతుంది. గులకరాళ్లు పరుచు. ఎరువు జోలికే పోకు. బలం ఎక్కువైతే లేత కొమ్మలొచ్చి మంచుకి మాడిపోతాయి. నాటడం కూడా వసంతంలోనే, చలి వచ్చేలోపు వేళ్లు నిలదొక్కుకోవాలి. మొదటి ఏడాది నీళ్లు మర్చిపోకు.

ఊదా నీలం పూలు పూసే ఆ పొద, రష్యన్ సేజ్ కూడా పెడతానన్నావు, సంతోషం. పేరులో రష్యా ఉన్నా దాని పుట్టిల్లు అఫ్గానిస్థాన్, పాకిస్థాన్ వైపు రాళ్ల నేలలు. చలికి లావెండర్ కన్నా మొండిది, నేల మాత్రం ఇలాంటిదే కావాలి. మొక్కకీ మొక్కకీ మూడడుగులు వదులు.

కత్తిరింపులో ఈ రెండిటికీ పోలిక లేదు, ఇక్కడ బాగా జాగ్రత్త పడు. చలి ముందు దేన్నీ కత్తిరించకు. వసంతంలో చిగురు కనబడ్డాక రష్యన్ సేజ్‌ని నేల నుంచి 15, 20 సెంటీమీటర్లు ఉంచి కోసెయ్యి. కొత్త కొమ్మల మీదే పూస్తుంది కాబట్టి భయం లేదు. లావెండర్‌ని అలా కోస్తే పోగొట్టుకుంటావు. ఆకుల్లేని ముదురు కొమ్మ మళ్లీ చిగురించడం చాలా అరుదు. పచ్చ ఆకులకి పైనే కత్తెర పెట్టు.

మొక్కల మీద మంచు పడితే దులపకు, దుప్పటిలా కాస్తుంది. మంచు పడకుండా ఎండుగాలి కొట్టే చోటైతే, నేల గడ్డకట్టాక పైన్ కొమ్మలు కప్పు. ప్లాస్టిక్ పట్టా వద్దు, లోపల చెమ్మ చేరుతుంది.

గోటితో గీకి చూశాక ఏ రంగు కనిపించిందో రాయి.

నీ పెద్దమ్మ