వాపు వేరు, బలుపు వేరు: ‘పెరగడం’ చుట్టూ ఉన్న ఇంగ్లిషు మాటలు

హైపర్‌ట్రోఫీ, హైపర్‌ప్లేసియా, మెగలీ, ఎడీమా, ట్యూమర్... నర్సింగ్ మొదటి సంవత్సరంలోనే ఇవన్నీ మీద పడ్డాయని, నిఘంటువు చూస్తే అన్నిటికీ ‘పెరుగుదల’ లేదా ‘వాపు’ అనే ఉందని, వీటి పుట్టుక తెలిస్తే తేడా గుర్తుంటుందేమోనని అడిగారు. తప్పకుండా గుర్తుంటుంది. నేను డాక్టరును కాను. హైదరాబాదులో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ పనిలో కొన్నేళ్లు ఉన్నాను. అమెరికా డాక్టర్లు గబగబా చెప్పుకుపోయేది హెడ్‌ఫోనులో వింటూ, కాలి కింద పెడల్ తొక్కి వెనక్కి తిప్పి మళ్లీ వింటూ టైపు చేయడమే ఉద్యోగం. ఆ వేగంలో మాట సగమే వినిపిస్తుంది. మిగతా సగం దాని పుట్టుక తెలిసినవాళ్లకే అందుతుంది.

తప్పు మీ నిఘంటువుది, తెలుగుది కాదు. ‘వాపును చూసి బలుపనుకున్నాడు’ అని మనం ఎప్పటినుంచో అంటున్నాం కదా, వైద్యులు చూసే తేడా కూడా అక్కడే ఉంది. బలుపు హైపర్‌ట్రోఫీ, వాపు ఎడీమా.

హైపర్‌ట్రోఫీలో ‘ట్రోఫీ’ అంటే గ్రీకులో పోషణ. బహుమతిగా ఇచ్చే కప్పుకూ దీనికీ చుట్టరికం లేదు. ‘హైపర్’ మన సంస్కృతపు ‘ఉపరి’కి తోబుట్టువు. అతిగా పోషణ అందినట్టు ఉన్న కణమే లావెక్కుతుంది, కణాల సంఖ్య పెరగదు. బరువులెత్తేవాడి కండ, ఏళ్ల తరబడి బీపీ ఉన్నవాడి గుండెలో మందమైన ఎడమ జఠరిక గోడ ఈ కోవలోవి. అదే ట్రోఫీకి ముందు ‘అ’ చేరిస్తే అట్రోఫీ, క్షీణించడం. ఈ ‘అ’ కూడా ‘అజ్ఞానం’లో ఉన్న ‘అ’కు దాయాదే.

హైపర్‌ప్లేసియాలో ఉన్నది మట్టినో మైనాన్నో మలచడమనే గ్రీకు క్రియ. ప్లాస్టిక్ కూడా అక్కడిదే. ఇక్కడ కొత్త కణాలు తయారవుతాయి, అంటే సంఖ్య పెరుగుతుంది. నెలలు నిండుతున్న గర్భాశయంలో రెండూ కలిసే జరుగుతాయి. వయసు మళ్లిన మగవాళ్ల ప్రోస్టేట్ సంగతి మాత్రం జాగ్రత్త. డిక్టేషన్‌లో పెద్ద డాక్టర్లు పాత అలవాటు కొద్దీ ‘హైపర్‌ట్రోఫీ’ అనేవారు, అదే రోగి పాథాలజీ రిపోర్టులో ‘హైపర్‌ప్లేసియా’ అని ఉండేది. పాథాలజీ చెప్పేదే సరైనది, ఇలా ప్రోస్టేట్ పెరగడానికి పొట్టిపేరైన బీపీహెచ్‌లో ‘హెచ్’ ఇప్పుడు హైపర్‌ప్లేసియానే. వార్డులో ఎవరేమన్నా పరీక్షలో అదే రాయండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ‘మెగలీ’తో ముగిసేవి. గ్రీకు ‘మెగాస్’, సంస్కృత ‘మహా’ ఒకే మూలం నుంచి వచ్చాయి. అంతటితో ఆగలేదు. స్ప్లీన్, ప్లీహం ఒకటే మాట. కాలేయానికి గ్రీకు పేరు ‘హెపార్’, సంస్కృతంలో యకృత్తు, ఇవీ ఒకే ఇంటివే. కాబట్టి మలేరియా రోగికి స్ప్లీనోమెగలీ ఉందంటే ‘ప్లీహం మహా’ అయిందని అక్షరాలా చదువుకోవచ్చు. ‘ఆక్రో’ అంటే కొస. ఎదిగిన వయసులో గ్రోత్ హార్మోన్ ఎక్కువై చేతులు, పాదాలు, దవడ పెద్దవయ్యే జబ్బుకు ఫ్రెంచి వైద్యుడు పియర్ మారీ 1886లో ఆక్రోమెగలీ అని పేరు పెట్టాడు.

ఎడీమా అంటే మన ఇళ్లలో ‘కాళ్లకు నీరు పట్టింది’ అనుకునేదే. చీలమండ పైన బొటనవేలితో కాసేపు నొక్కి వదిలితే సొట్ట అలాగే నిలుస్తుంది. పాదాలు ఉబ్బినవాడని పేరు పొందిన గ్రీకు పురాణపు ఈడిపస్‌లో ఉన్నదీ ఈ మాటే. బ్రిటిష్ పుస్తకాలలో ఇది ‘ఓ’ అక్షరంతో మొదలవుతుంది, సూచికలో అక్కడ వెతకండి.

ట్యూమర్ లాటిన్‌లో వట్టి ఉబ్బు మాత్రమే. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ ఇన్‌ఫ్లమేషన్‌కు చెప్పిన నాలుగు లక్షణాలు రూబర్, ట్యూమర్, కాలర్, డోలర్: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. పాఠంలో ఆ ట్యూమర్ కనిపిస్తే క్యాన్సర్ అనుకుని హడలిపోకండి. ఇంగ్లిషులో బొటనవేలిని థంబ్ అంటారు కదా, ఉబ్బిన వేలు అనే అర్థంలో అదీ ఈ కుటుంబంలోదే.

వైద్యం బయటి మాటలు రెండు ముక్కల్లో చెబుతాను. ఇంక్రీజ్‌లో ఉన్న లాటిన్ క్రియకు తనంతట తాను పెరగడమని అర్థం. క్రెసెంట్ అంటే మొదట శుక్లపక్షంలో పెరిగే చంద్రుడే, తర్వాత ఆ ఆకారానికే పేరైంది. కాంక్రీట్ కలిసి పెరిగి గట్టిపడినది, రిక్రూట్ కూడా ఈ ఇంటిదే. ఆగ్‌మెంట్ వేరు, అక్కడ ఎవరో పెంచాలి. వేలంలో పాట పెంచుతూ పోతారు కాబట్టి ఆక్షన్ దాని చెల్లెలు. ఎన్‌లార్జ్‌లోని లార్జ్‌కు మూలార్థం ధారాళం.

పీడియాట్రిక్స్‌లో అడాలసెంట్ వస్తుంది. ఎదుగుతున్నవాడు అడాలసెంట్, ఎదిగినవాడు అడల్ట్, రెండూ ఒకే లాటిన్ క్రియ రూపాలు. అడల్టరీ మాత్రం ఆ వరసలోది కాదు, చెడగొట్టడం అనే మరో లాటిన్ మాట నుంచి వచ్చింది, మన కిరాణా కొట్లలో వినిపించే అడల్టరేషన్‌కు అక్క.