తాగుడు మానాలని ఉంది, మీటింగుకు వెళ్లాలంటే భయం

ప్రశ్న: మేడమ్ గారూ, మాది బొబ్బిలి దగ్గర ఊరు. వయసు 39. వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. చాలా ఏళ్లుగా తాగుతున్నాను. ఇప్పుడు పొద్దున్న లేవగానే చెయ్యి వణుకుతోంది, నైంటీ పడితేగానీ హోల్డర్ నిలకడగా పట్టుకోలేకపోతున్నాను. సిరిమాను పండగ అయ్యాక మానేస్తానని మా ఆవిడకు ఎప్పట్నుంచో చెబుతున్నాను. తాగుడు మానేసినవాళ్లు మీటింగులు పెట్టుకుంటారని ఒక కస్టమరు చెప్పాడు. అవి ఎక్కడ జరుగుతాయో ఎలా కనుక్కోవాలి? అందరి ముందూ లేచి చెప్పుకోవాలా? విజయనగరంలో నన్ను ఎరిగినవాళ్లు చాలామంది. చర్చిలో పెడతారంట, మతం మార్చేస్తారేమోనని మా అమ్మ భయం. నాకు ఒకటే టెన్షన్.
– పేరు వద్దు, విజయనగరం జిల్లా

జవాబు: తమ్ముడూ, మీటింగు సంగతి తర్వాత చెబుతాను, ముందు ఆ వణుకు గురించి. పొద్దున్నే మందు పడితేగానీ చెయ్యి ఆగడం లేదంటే మీ ఒంటికి మందు అలవాటైపోయింది. అందుకే అమ్మవారి మీద ఒట్టేసుకుని రేపట్నుంచి ఒక్కసారిగా ఆపేయొద్దు. మందు ఇన్నాళ్లూ మెదడును అణచి ఉంచింది కాబట్టి అది ఉన్నట్టుండి ఆగితే మెదడు అదుపు తప్పుతుంది. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి లేనివి కనబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం. మన పల్లెల్లో ఇది చూసి గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తారు, ఆ తిరుగుడులో ప్రాణాలు పోయేవీ ఉన్నాయి. విజయనగరం ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఎక్కడో అడిగి వెళ్లండి, లేదంటే విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. పిచ్చాసుపత్రి అన్న పేరు చూసి వెనక్కి తగ్గకండి. ఎంత తాగుతున్నారో దాచకుండా చెబితే వణుకు తగ్గడానికి మందులు, బీ1 విటమిన్ ఇస్తారు, అవసరమనుకుంటే కొన్నాళ్లు అక్కడే ఉంచుకుంటారు.

ఇక మీటింగు. మీ కస్టమరు చెప్పింది ఆల్కహాలిక్స్ అనానిమస్ గురించే అయ్యుంటుంది, అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్లో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జను, ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే, ఒకరికొకరు చెప్పుకుంటూ నిలబడటంతో మొదలైంది. ఇందులో చేరడానికి మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు, ఫీజు లేదు. చివర్లో ఒక సంచో బుట్టో తిప్పుతారు, హాలు అద్దెకూ టీకీ. మొదటిసారి వెళ్లి మీరేమీ వేయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఎక్కడ జరుగుతుందో కనుక్కోవడానికి ఆ సైకియాట్రీ ఓపీలోనే అడగండి, డాక్టర్లకు చాలావరకు తెలుస్తుంది. ప్రభుత్వం వారి టోల్ ఫ్రీ నంబరు 14446 ఉంది, మత్తు మానాలనుకునేవాళ్ల కోసమే పెట్టింది. ఏఏ వాళ్ల వెబ్‌సైట్లోనూ ఊళ్లవారీగా చూడొచ్చు. అయితే హాళ్లూ వేళలూ మారుతుంటాయి, ఒకసారి ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాకే బస్సెక్కండి. మొదటిసారి వెళ్లి తాళం కప్ప చూసి తిరిగొచ్చిన మనిషి రెండోసారి వెళ్లడం కష్టం.

లోపల భయపడేదేమీ ఉండదు. కుర్చీలు వేసి ఉంటాయి, ఒకరు పుస్తకంలోంచి ఓ ముక్క చదువుతారు, తర్వాత ఒక్కొక్కరే ‘నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెట్టి తమ కథ చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, చెప్పింది తప్పనీ ఒప్పనీ అనరు. మీ వంతు వచ్చినప్పుడు ‘ఈరోజు వింటానండీ’ అంటే సరిపోతుంది, అంతకు మించి అడగరు. ఇంటిపేరు, ఊరు, షాపు ఏవీ చెప్పనక్కర్లేదు. ఎరిగినవాడు కనబడితే? వాడూ అందుకే వచ్చాడు కదా, మీ సంగతి బయట చెబితే తన సంగతీ బయటపడుతుంది. అయినా మనసు ఒప్పకపోతే విశాఖ రైలెక్కి అక్కడి మీటింగుకు వెళ్లండి, లేదా ఆన్‌లైన్లో జరిగేవాటిలో కెమెరా ఆపేసి వినండి. ఎదురుగా కూర్చున్నంత బలం ఫోన్లో రాదని నా నమ్మకం, అయినా మొదలంటూ పడుతుంది.

అమ్మగారికి చెప్పండి, చర్చి హాలు దొరికితే చర్చిలో, బడి దొరికితే బడిలో పెట్టుకుంటారు, అంతే. దేవుడి మాట వస్తుంది, కానీ ఎవరికి తోచిన దేవుడు వాళ్లకే అంటారు. పైడితల్లమ్మకు మొక్కే మనిషి మొక్కుతూనే ఉండొచ్చు.

మీ ఆవిడకు ఒక మాట. మీకు తెలియకుండా అన్నంలోనో కూరలోనో కలిపే మాత్రలని ఎవరైనా అమ్మజూపితే కొనవద్దని చెప్పండి. అందులో తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ లాంటిది ఉండి, దాని మీద మీరు తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి ప్రమాదం అవుతుంది. డాక్టరు ఇస్తేనే, మీకు తెలిసి వేసుకుంటేనే అది మందు. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం ఆల్‌అనాన్ అని వేరే మీటింగులున్నాయి, 1951 నుంచీ నడుస్తున్నాయి, వాటి గురించి కూడా అడగమనండి.

సిరిమాను దాకా ఆగితే తర్వాత దీపావళి, నాగుల చవితి, సంక్రాంతి, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఈ వారమే ఓపీకి వెళ్లండి. మొదటి మీటింగు అయ్యాక మానేసి కొన్నేళ్లయినవాళ్ల ఫోన్ నంబర్లు అడిగి తీసుకోండి, సంతోషంగా ఇస్తారు. సాయంత్రం షట్టరు దించేముందు వాళ్లలో ఒకరికి ఫోన్ కొట్టండి, తాగాలనిపించినా అనిపించకపోయినా. షాపు కట్టేసి ఇంటికెళ్లే దారిలోనే కదా మందు షాపు ఎదురయ్యేది.