ఎఫ్-1 (విద్యార్థి) వీసాతో అమెరికాలో షూటింగ్ రేంజ్‌కు వెళ్లవచ్చా?

తుపాకీ కొనడం లేదు, స్నేహితులతో రేంజ్‌కు వెళ్లి నాలుగు రౌండ్లు కాల్చి వస్తాను, అందులో తప్పేముంది అని అడిగారు. తప్పుంది. ఫెడరల్ చట్టం వీసాదారులకు కాదన్నది కొనడం ఒక్కటే కాదు. తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే నిషేధం. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాసేపు చేత పట్టుకున్నా అది దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. హెచ్-1బీ వచ్చినా ఇదే నిబంధన. గ్రీన్‌కార్డు వస్తేనే ఈ అడ్డు తొలగుతుంది.

నా ఎమ్మెస్ రోజుల్లో ఈ సంగతి చెబితే అమెరికన్ సహాధ్యాయులే నమ్మలేదు. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్లు 18 ఏళ్లు నిండితే లైసెన్సున్న దుకాణంలో రైఫిల్, 21 నిండితే పిస్తోలు కొనుక్కోవచ్చు. కొన్ని రాష్ట్రాలు ఇంకా కఠినం. పుట్టినప్పటి నుంచి ఇంట్లో తుపాకీ చూస్తున్నవాళ్లకు మన ఇబ్బంది తట్టదు. అందుకే 'ఏమీ కాదు, రా' అన్న వాళ్ల మాటను సలహాగా తీసుకోకండి.

రహైఫ్ కేసు గురించి చదవండి. ఫ్లోరిడాలో చదువుతున్న రహైఫ్ అనే కుర్రాణ్ని మార్కులు రాలేదని యూనివర్సిటీ తీసేసింది, దాంతో వీసా హోదా పోయింది. తర్వాత అతను రేంజ్‌కు వెళ్లి కాల్చాడు, జైలుశిక్ష పడింది. హోదా పోయిందని అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. దీన్ని పట్టుకుని 'తెలియదంటే సరిపోతుంది' అనేవాళ్లున్నారు. కోర్టు అన్నది హోదా తెలియడం గురించి, చట్టం తెలియడం గురించి కాదు. ఎఫ్-1 మీద ఉన్నానని నాకు తెలియదని మీరంటే ఎవరు నమ్ముతారు? 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. పైగా దేశం నుంచి పంపేసే ప్రమాదం.

ఒక దారి ఉంది. గడువు తీరని వేట లైసెన్సు ఉంటే ఈ నిషేధం వర్తించదు. నేను ఆ దారిలోనే వెళ్లాను, ముందుగా ఇమ్మిగ్రేషన్ లాయరును అడిగి. మా రాష్ట్రంలో లైసెన్సుకు ముందు వేట భద్రతా కోర్సు తప్పనిసరి. నా పక్కన తాతయ్యతో వచ్చిన బడి పిల్లవాడు కూర్చున్నాడు, పరీక్షలో నాకంటే చురుకు. కంచె దాటేటప్పుడు తుపాకీ ఖాళీ చేసి, ముందు దాన్ని అవతల పెట్టి, ఆ తర్వాతే మనం దాటాలని చేయించి చూపించారు. కాల్చడం కంటే ఎప్పుడు కాల్చకూడదో చెప్పడానికే ఎక్కువ సమయం పట్టింది. అది నాకు నచ్చింది. రేంజ్‌లో చప్పుడు మాత్రం, చెవులకు రక్షణ ఉన్నా, ఛాతీలో తగులుతుంది. సినిమా చూసి వేసుకున్న అంచనాలేవీ నిలవవు.

మీరు అడగకపోయినా ఇంకొకటి. నన్నడిగితే రేంజ్ కంటే ఆలోచించాల్సింది ఇంట్లో తుపాకీ గురించి. రూమ్మేట్ తుపాకీ హాలులో సొరుగులో ఉంటే, దాని సంగతి తెలిసి మీ చేతికి అందేలా ఉంటే, అది మీ అధీనంలోనూ ఉందని వాదించే అవకాశం ఉంటుంది. అంతకంటే పెద్ద సంగతి, అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. పరీక్షలు, అప్పులు, ఉద్యోగ వేట మధ్య నలిగే కుర్రాళ్లున్న ఇంట్లో తాళం లేని తుపాకీ ఉండకూడదు. అద్దె ఒప్పందం మీద సంతకానికి ముందే అడగండి: ఇంట్లో ఉందా, ఉంటే తాళపుచెవి ఎవరి దగ్గర? నేను అడిగాను. అతను నొచ్చుకోలేదు, తన గదిలో సేఫ్ చూపించి, దాని కోడ్ ఎవరికీ చెప్పనన్నాడు.