థ్రిల్లర్ చదువుతుంటే నాకూ ఆ ఆశ్రమంలో ఉండాలనిపిస్తోంది డాక్టర్ గారూ!

ప్రశ్న: నా వయసు 34. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా వారు రొయ్యల చెరువులు చేస్తారు, కరెంటు పోతే నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్లు ఆగిపోతాయని రాత్రిళ్లు చెరువు దగ్గరే పడుకుంటారు. పాప నిద్రపోయాక నేను ఫోన్‌లో సైకలాజికల్ థ్రిల్లర్లు చదువుతాను. ఒక గురువు, గుడ్డిగా నమ్మే మనుషులు, బయటికి రాలేని ఆశ్రమం... ఇలాంటి కల్ట్ కథలైతే రాత్రి రెండైనా వదలను. తర్వాత గుండె దడ, తలుపు గడియ రెండు మూడుసార్లు చూసుకుంటాను. మా అత్తగారు శనివారం వెళ్లే భజన బృందం మీద కూడా అనుమానం మొదలైంది. అసలు భయమేమిటంటే, కథలో వాళ్లంతా కలిసి వండుకుని వరసగా కూర్చుని తినే చోట నాకూ అక్కడ ఉండాలనిపిస్తుంది. ఇది జబ్బా?

జవాబు: జబ్బు కాదమ్మా. ఆ చివరి మాట రాయడానికి మీరు మొహమాటపడే ఉంటారు, నాకైతే మీ మెయిల్ మొత్తంలో అసలు సంగతి అదే అనిపించింది.

డబ్బులిచ్చి మరీ భయపడటం ఏమిటని మీ అత్తగారు అనొచ్చు గానీ, కొత్తావకాయకి కళ్లమ్మట నీళ్లు కారుతున్నా ఆవిడ ఇంకో ముద్ద కలుపుకోరూ? నోరు మండుతోందని ఒళ్లు గోల పెడుతుంది, ప్రమాదమేమీ లేదని బుర్రకి తెలుసు, మజా అంతా అక్కడే. పాల్ రోజిన్ అనే అమెరికా మనస్తత్వవేత్త కారాన్నీ భయపెట్టే కథల్నీ ఒకే గాటన కట్టింది అందుకే.

కల్ట్ కథల్లో ఇంకో మెలిక ఉంది. దెయ్యం కథలో దెయ్యమంటే భయం, ఇక్కడ మన మీద మనకే భయం. మొదట్లో ఎవరూ ఎవరినీ బంధించరు. కష్టంలో ఉన్న మనిషిని పేరు పెట్టి పిలిచి, అన్నం పెట్టి, చెప్పిందంతా ఓపిగ్గా వింటారు. నూట యాభయ్యో పేజీకి వచ్చేసరికి ఆ మనిషి బ్యాంకు పాస్‌బుక్కు గురువు బీరువాలో ఉంటుంది, నేనైతే ఎక్కడ లేచి వచ్చేసేవాణ్నా అని మనం పేజీలు వెనక్కి తిప్పుకుంటాం.

నిజంలోనూ అంతే. 1978 నవంబర్ 18న దక్షిణ అమెరికాలోని గయానాలో, జిమ్ జోన్స్ అనే గురువు మనుషులు కట్టుకున్న జోన్స్‌టౌన్‌లో, ఆయన ఆజ్ఞ మీద ఇచ్చిన విషంతో 900 మందికి పైగా చనిపోయారు, అందులో దాదాపు మూడో వంతు పిల్లలు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చునే ప్రార్థనలు, పేదలకి ఉచిత భోజనం, ముసలివాళ్లకి నీడ, పెద్దవాళ్లు ఇవి చూసి చేరారు. అంటే మీకు నచ్చిందే వాళ్లకీ నచ్చింది.

చేరినవాళ్లు ఎందుకు బయటికి రారంటారా? 1954లో అమెరికాలో ఒక చిన్న బృందం డిసెంబర్ 21న మహావరద వస్తుందని నమ్మి కూర్చుంది. రాలేదు. మన లంకల్లోవాళ్లైతే హమ్మయ్య అనుకుని గొడ్లని తోలుకుని ఇంటికెళ్లిపోతారు, వాళ్లేమో మా నమ్మకం వల్లే లోకం బతికిపోయిందన్నారు. పోగొట్టుకున్నది ఎక్కువయ్యేకొద్దీ తప్పు ఒప్పుకోవడం కష్టం. రెండు పంటలు పోయినా అప్పు చేసి మూడోసారి సీడ్ వేసే రైతు మనసూ ఇలాంటిదే (ఈ వాక్యం మీ వారికి చదివి వినిపించకండి).

ఇక ఆ వరస భోజనం. పెళ్లికి ముందు రోజు పందిట్లో కూర్చుని కబుర్లాడుతూ కూరలు తరిగిన పెద్దవాళ్లని మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు, ఇప్పుడదంతా కేటరింగ్ వాళ్ల పని. రాత్రిపూట దూరంగా ఏరేటర్ల చప్పుడు, పక్కన నిద్రపోయిన పాప, చేతిలో ఫోను. పది మంది కలిసి తినే చోటు కథలో కనబడితే మనసు లాగకుండా ఎలా ఉంటుంది? వారానికి రెండు రాత్రులైనా చెరువుకి మనిషిని పెట్టి ఇంటికి రమ్మని మీ వారిని అడగండి. కుదరకపోతే మీరూ పాపా సాయంత్రం క్యారేజీ పట్టుకుని చెరువు గట్టుకే వెళ్లండి.

దడ సంగతి వేరు. నిద్ర చాలకే కావచ్చు, అయినా బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ ఒకసారి చూపించుకోండి, రక్తహీనత ఉన్నా గుండె దడదడలాడుతుంది. పుస్తకాలు మానక్కర్లేదు, మధ్యాహ్నానికి మార్చండి. రాత్రి తప్పదనుకుంటే అధ్యాయం చివర కాకుండా మధ్యలో ఆపండి, రచయితలు కొక్కెం వేసేది చివర్లోనే. పదకొండుకి ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టేయండి. గడియ రెండుసార్లు చూసుకుంటే టెన్షన్ అక్కర్లేదు. అదే పనిగా చూస్తూ నిద్ర మానేసినా, ఎవరో కుట్ర చేస్తున్నారని గట్టిగా అనిపించినా, మనిషి లేకుండా మాటలు వినిపించినా మాత్రం వెంటనే సైకియాట్రిస్ట్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

భజన బృందానికి పరీక్ష తేలిక. ప్రశ్న అడిగితే ఏమంటారు, డబ్బులెక్క ఎవరి చేతిలో ఉంది, రెండు వారాలు మానేస్తే బెదిరిస్తారా లేక ఒంట్లో బాలేదేమోనని ప్రసాదం పంపిస్తారా? ఈ శనివారం మీ అత్తగారితో మీరూ వెళ్లండి. నచ్చకపోతే మధ్యలో లేచి వచ్చేయండి. ఎవరైనా ఆపితే అప్పుడు నాకు మళ్లీ రాయండి.