ఎకరం ఎంత అని మాత్రం అడగనివ్వకు

గుంటూరు, బ్రాడీపేట

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "బావగారూ, పిల్ల వాళ్ల నాన్నని సారా బట్టీకి తీసుకెళ్తుందంట" అంది. నవ్వాపుకోలేకపోయాను. అది అమెరికాలో, కాలిఫోర్నియాలోని సొనోమాలో ఇటలీ నుంచి వలస వెళ్లిన కుటుంబం నడుపుకునే వైనరీ, అంటే ద్రాక్షతో వైన్ చేసే చోటు అని విడమర్చి చెప్పాను. నమ్మిందో లేదో! నాన్నని అక్కడికి తీసుకెళ్లాలని నీకు తట్టినందుకు ముచ్చటేసింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ముందే బుక్ చేసుకో. సెంటు పూసుకోకు. ఆ పొద్దున ఊరమిరపకాయలు వద్దు, మందు ఆ మంటని ఇంకా లేపుతుంది, రుచి తెలీదు. మిర్చి యార్డులో నేను కాయ ముచ్చిక విరిచి వాసన చూసినట్టే, వాళ్లు గ్లాసు తిప్పి వాసన చూసి, పుక్కిలించి ఉమ్మేస్తారు. అందుకు గిన్నె పెడతారు కూడా. ఉమ్మితే మర్యాద కాదేమోనని నేను ఆరు రకాలూ మింగేశాను, మీ అన్నయ్య కారు రెండుసార్లు ఆపాల్సొచ్చింది. నాన్నకి షుగరు, ఖాళీ కడుపుతో ముట్టనివ్వకు. కారు నువ్వే నడిపేటట్టయితే చుక్క కూడా వద్దు. రక్తంలో మద్యం 0.08 శాతం చేరితే నేరమని అక్కడి చట్టం అంటుంది, నా లెక్క సున్నా. రాత్రి నిద్ర పట్టనిది ఇందుకే అనుకునేవు, ఇదొక్కటే కాదు.

2016లో మీ అన్నయ్య నన్నూ అలాంటి చోటికే తీసుకెళ్లాడు. ఎనభై దాటిన పెద్దావిడే పోసి ఇస్తోంది. ఆవిడ తాత నాటిన ద్రాక్షతోట. పందిరి లేదు, ఒక్కోటీ నడుమెత్తు మొద్దు, ముడులు తేలి నల్లగా. జిన్‌ఫాండెల్ అనే ద్రాక్ష రకం అంది. వందేళ్లకు పైగా కాలిఫోర్నియాలో కాస్తున్నా దాని పుట్టిల్లు ఎక్కడో తేలలేదట, 2001లో డీఎన్‌ఏ పరీక్షలో క్రొయేషియా అని బయటపడింది. "అదీ మాలాగే ఓడ దిగిందే" అని నవ్వింది. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం కదా, ద్రాక్ష పీకేసి ప్రూన్ చెట్లు వేసుకున్నవాళ్లున్నారు. వీళ్ల తాత పీకలేదు. ఇంట్లో వాడుకోవడానికి ఏడాదికి 200 గ్యాలన్ల పళ్లరసం చేసుకోవచ్చని చట్టంలో సందు ఉండేది. ఆ పేరుతో ఇళ్లలో వైన్ చేసుకునేవాళ్ల కోసం ద్రాక్షని రైల్లో తూర్పు ఊళ్లకి పంపి బతికాడట.

ఇంత చెప్తున్న మనిషిని నేనేం అడిగానో తెలుసా? "ఇక్కడ ఎకరం ఎంత పలుకుతుంది?" అప్పుడు మన దగ్గర రాజధాని గాలి, టీకొట్టు దగ్గరా అదే మాట. అంతటితో ఊరుకున్నానా? అమ్మేసి హాయిగా కూర్చోవచ్చుగా అని మీ అన్నయ్యతో చెప్పించాను, వాడు "వద్దు నాన్నా" అంటున్నా వినకుండా. ఆవిడ కోప్పడలేదు. సీసాకి బిరడా నొక్కింది. బల్ల మీద పడ్డ చుక్కని బొటనవేలితో తుడిచింది. "రోజూ ఎవరో ఒకరు అడుగుతారు" అంది. తర్వాత కూడా పోసింది గానీ కథ అక్కడితో ఆగిపోయింది.

అదే ప్రశ్న నన్నూ ఒకడు అడిగాడమ్మా. 1953లో తుంగభద్ర డ్యామ్ పూర్తయ్యాక మీ తాత తెనాలి దగ్గర రెండెకరాలు అమ్మి, కర్ణాటకలో సింధనూరు వైపు, మనవాళ్లు వెళ్లి స్థిరపడ్డ క్యాంపులో పాతికెకరాలు కొన్నాడు. కన్నడం ముక్క రాదు. పాకలో పడుకుని తుమ్మలు కొట్టించి మడి చేశాడు. ఆయన పోయిన ఏడే బ్రోకరు వచ్చి రేటు చెప్పాడు. నేను సంతకం పెట్టాను. మీ నాన్నకి ఇష్టం లేదు. పెద్దవాణ్ణని ఎదురు చెప్పలేదు, ఏడాదిన్నర మాట్లాడనూ లేదు. నీకెవరూ చెప్పి ఉండరు.

ఆ వైనరీలో మీ నాన్న కచ్చితంగా మట్టి చేతిలోకి తీసుకుని నలుపుతాడు, చూడు. టైమవుతోందని పిలవకు. రేటు అడగబోతే మాత్రం మోచేత్తో పొడువు.

నాకు సీసాలేం తేవద్దు, మీ పెద్దమ్మ గుమ్మం దాటనివ్వదు. ఆ మొద్దు పక్కన నాన్నని నిలబెట్టి ఒక ఫొటో పంపు.

మీ పెదనాన్న