స్కీ మీద బైండింగ్: ముందుకా, వెనక్కా?

ప్రశ్న: జనవరిలో గుల్మార్గ్ వెళ్తున్నాం. నడుము (మధ్య వెడల్పు) 116 మిల్లీమీటర్లు, పొడవు 184 సెంటీమీటర్లున్న పౌడర్ స్కీలు (లోతైన మెత్తటి మంచుకు వాడేవి), ఒకరు వాడినవి కొన్నాను. బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు), బూటు మధ్య ఎక్కడుండాలో చూపుతూ స్కీ మీద కంపెనీ వేసిన గీతకు 2 సెంటీమీటర్లు ముందుకు బిగించి ఉంది. లోతు మంచులో ముక్కు మునిగిపోతుందని, వెనక్కి జరిపించమని మిత్రులంటున్నారు. ఇక్కడ వడ్రంగి చేత చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మీ మిత్రులు చెప్పింది నిజమే. రంభ దగ్గర చిలికా సరస్సులో పడవెక్కిన వాళ్లకు ఇది కొత్త కాదు: జనం ముందు వైపు కూర్చుంటే ముక్కు నీళ్లలోకి దిగుతుంది. బైండింగ్ ముందుకు జరిగితే పాదం ముందున్న స్కీ తగ్గి, వెనక తోక పెరుగుతుంది. ముక్కు పైకి రావాలంటే మీరు వెనక్కి వాలాలి. గంటలో తొడలు పట్టేస్తాయి. దీనికీ ఒక సుఖముంది: చెట్ల మధ్య స్కీ చటుక్కున తిరుగుతుంది.

వెనక్కి జరిపితే ముక్కు తేలుతుంది, వేగంలో నిలకడ వస్తుంది. కానీ తిప్పడం బరువు. పిక్క ముందు ఎముకతో బూటు నాలుకను గట్టిగా నొక్కి నడపకపోతే, గట్టి మంచు మీద ముందు అంచు పట్టదు. మొదటిసారి కంపెనీ గీత మీదే పెట్టమంటాను. 1 సెంటీమీటరు తేడా కూడా కాలికి తెలుస్తుంది కనుక గీత దాటి వెనక్కి వెళ్లే తొందర వద్దు.

‘ప్లస్ 2’ (గీతకు 2 సెంటీమీటర్లు ముందుకు) అన్న అంకె ఒక్కటే చూసి భయపడకండి. స్కీ సరిగ్గా నడిమధ్య నుంచి గీత ఎంత వెనక ఉందో కొలవండి. 10 సెంటీమీటర్లుంటే, 2 ముందుకు జరిపినా ఇంకా 8 వెనకే ఉన్నట్టు. 4 మాత్రమే ఉంటే దాదాపు నడిమధ్యకు వచ్చేసినట్టే. అక్కడ ముక్కు మునగడం ఖాయం.

వడ్రంగి పని మాత్రం వద్దు. స్కీకి 9 మిల్లీమీటర్ల లోతు దగ్గర ఆగిపోయే ప్రత్యేక డ్రిల్ బిట్ వాడతారు. మామూలు బిట్ అడుగు చీల్చుకుని పోతుంది. బిట్ వ్యాసం సాధారణంగా 3.6, స్కీ లోపల లోహపు పొర ఉంటే 4.1 మిల్లీమీటర్లు, చాలా స్కీల మీద అచ్చువేసే ఉంటుంది. పాత రంధ్రానికీ కొత్తదానికీ కేంద్రాల మధ్య కనీసం 1 సెంటీమీటరు ఉండాలి, లేకపోతే స్క్రూ పట్టు పోతుంది. టో భాగం (బైండింగ్‌లో బూటు ముందు కొనను పట్టే ముక్క) 2 సెంటీమీటర్లు జరిగినప్పుడు దాని కొత్త ముందు రంధ్రాలు పాత వెనక రంధ్రాల మీద పడవచ్చు. కాబట్టి జిగ్ (రంధ్రాల చోటు చూపే అచ్చు) పెట్టి అన్నిటినీ ముందే గుర్తు పెట్టించండి. పాత రంధ్రాల్లో ఎపాక్సీ పూసిన ప్లగ్గులు దిగ్గొట్టించాలి, లేదంటే మంచునీరు దిగి లోపలి చెక్క ఉబ్బుతుంది.

ప్రశ్న: బూటు మారిస్తే బైండింగ్ స్థానం మారుతుందా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: మారుతుంది. టో భాగం స్క్రూలతో బిగించి ఉంటుంది, కదలదు; మడమ భాగాన్నే జరుపుతారు. సోలు 10 మిల్లీమీటర్లు పొట్టిదైతే మీ పాదం మధ్య 5 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. బూటు పక్కనున్న మధ్యగీతను స్కీ గీతతో పోల్చి చూసుకోండి. మడమ భాగం జరిపాక అది బూటును ముందుకు నొక్కే ఒత్తిడినీ, విడుదల అంకెనూ (ఎంత బలానికి బూటు విడిపోవాలో చెప్పేది) నిపుణుడి చేత సరిచేయించకుండా కొండెక్కకండి. అవి తప్పితే పడినప్పుడు బూటు విడిపోకపోవచ్చు, దెబ్బ మోకాలికి తగలవచ్చు.